చిన్నప్పటి పిల్లికూతలు పోయాయి సరే, ఊపిరితిత్తులు సరిగ్గా పెరిగినట్టేనా?

వానచినుకు
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మా బాబుకి పదమూడున్నర ఏళ్లు. ఏడో నెలలో మొదటిసారి పిల్లికూతలు వచ్చాయి. అక్కణ్నుంచి ఐదేళ్లు నిండేదాకా జలుబు చేసిందంటే చాలు, రెండో రాత్రికి ఛాతీలో ఈల మొదలయ్యేది. డొక్కలెగరేసేవాడు. నెబ్యులైజర్ పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునేవాళ్లం. ఆరో ఏడు వచ్చాక చేత్తో తీసేసినట్టు పోయింది. మిషన్ని అటకెక్కించేశాం.

ఈ ఏడాది వాడు ఏకంగా 9 సెంటీమీటర్లు పొడవు పెరిగాడు. ఆటల పీరియడ్‌లో మాత్రం రెండు రౌండ్లు పరిగెత్తగానే ఆగిపోతున్నాడు. బద్ధకం అనుకున్నాం. మొన్నొకరోజు మెట్లెక్కి వచ్చి, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంటే నాకు గుండె ఝల్లుమంది. డాక్టర్ ఊదే పరీక్ష చేయించారు. ఎఫ్‌వీసీ 101 శాతం. ఎఫ్‌ఈవీ1 2.50 లీటర్లు, అంటే 84 శాతం. రెండింటి నిష్పత్తి 0.73. గొట్టాలు తెరిచే మందు పఫ్‌లు ఇచ్చి పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తే ఎఫ్‌ఈవీ1 2.83కి వచ్చింది. రోజూ వాడే ఇన్హేలర్ రాసి, మూడు నెలల తర్వాత రమ్మన్నారు.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మావారేమో "ఏడేళ్లుగా లేని జబ్బుకి మందేంటి? 84 అంటే డిస్టింక్షనే కదా" అంటారు. అత్తయ్య "వయసొస్తే అదే పోతుంది" అంటారు. నాకు తెలియాల్సింది ఒక్కటే. పసితనంలో అంత ఇబ్బంది పడ్డ ఊపిరితిత్తులు తర్వాత మిగతా పిల్లలతో సమానంగా అందుకుంటాయా, అందుకోవా?

గాలిపటం
వానచినుకు గారూ, టెన్షన్ పడకండి. మా పెద్దోడికి నాలుగేళ్లదాకా ఇదే గోల. ఇప్పుడు పదిహేడు, ఫుట్‌బాల్ ఆడుతుంటే మేమే ఆపాల్సి వస్తుంది. మాకు తెలిసిన పిల్లల్లో చాలామందికి అలాగే పోయింది. పైగా 80 దాటితే నార్మల్ అని రిపోర్ట్ కిందే రాసుంటుంది చూడండి. మీవారితో నేను ఏకీభవిస్తున్నా :)

ఊదుడుబూర
నేను ఊదే పరీక్షలు చేసే టెక్నీషియన్ని. రోజంతా నా పని "ఊదు ఊదు ఊదు, ఇంకా ఇంకా ఇంకా" అని అరవడమే. ఇంట్లో వాళ్లు నన్ను మెల్లగా మాట్లాడమంటారు.

ముందు ఆ డిస్టింక్షన్ సంగతి. అది నూటికి వచ్చిన మార్కులు కాదండీ. అదే వయసు, అదే పొడవు ఉన్న ఆరోగ్యవంతుడైన అబ్బాయి ఎంత ఊదుతాడో ఒక అంచనా ఉంటుంది, మీ బాబు అందులో 84 శాతం ఊదాడు. 80 అనే గీత అలవాటుగా వచ్చింది. ఇప్పుడు వయసుని బట్టి మారే కనిష్ఠ హద్దు చూడమంటున్నారు. ఆ లెక్కలో మీవాడి ఎఫ్‌ఈవీ1 హద్దులోపలే ఉండొచ్చు. నా కన్ను పడింది దాని మీద కాదు, నిష్పత్తి మీద.

ఎఫ్‌వీసీ అంటే గుండెల నిండా పీల్చి, బలంగా ఊదితే బయటికొచ్చిన మొత్తం గాలి. ఎఫ్‌ఈవీ1 అందులో మొదటి సెకనులో వచ్చింది. ఈ వయసు పిల్లలు సాధారణంగా మొదటి సెకనులోనే 85 శాతం దాకా ఊదేస్తారు. మీవాడిది 73. అంటే కడవ పెద్దదే, మూతి ఇరుకు. పఫ్ ఇచ్చాక 330 మిల్లీలీటర్లు పెరిగింది, అంటే 13 శాతం. 12 శాతం, దాంతోపాటు 200 మిల్లీలీటర్లు దాటితే మందుకి బాగా స్పందించినట్టు లెక్క (ఇప్పుడు ఇంకో లెక్క కూడా వచ్చింది, దాని ప్రకారం చూసినా ఇది దాటేదే). కేవలం పుట్టుకతో సన్నగా ఉన్న గొట్టమైతే ఇంతలా తెరుచుకోదు. ఇప్పుడు, ఈ రోజున, లోపల ఏదో బిగుసుకుని ఉంది.

ఒక ప్రశ్న. ఎన్నిసార్లు ఊదించారు? కనీసం మూడు మంచి ఊదుళ్లు ఉండాలి, పై రెండూ దాదాపు కలవాలి. సగం మంది పిల్లలు మొదటిసారి పుట్టినరోజు కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదుతారు.

వానచినుకు
ఐదుసార్లు ఊదించారండీ. మూడు బాగా వచ్చాయన్నారు. కడవ మూతి మాట మావారికి చదివి వినిపించాను. "హూఁ" అన్నారు. అది ఆయన విషయంలో పెద్ద సంగతే.

పిల్లల_వైద్యురాలు
పిల్లల ఊపిరితిత్తుల విభాగంలో పని చేస్తాను. పిల్లాణ్ని చూడకుండా ఇక్కడ వైద్యం చెప్పను. మీరు అడిగిన "అందుకుంటాయా" అన్న ప్రశ్నకి మాత్రం చాలా మంచి సమాచారం ఉంది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

అమెరికాలోని టూసాన్‌లో 1980లో 1,246 మంది పసికందులతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. పుట్టిన దగ్గర్నుంచి వెంట పడి చూశారు. 1995లో వచ్చిన ఫలితాల్లో మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చినవాళ్లు మూడో వంతు. వాళ్లలో సుమారు 60 శాతం మందికి ఆరేళ్లకల్లా పోయాయి. గాలిపటం గారు చెప్పింది అక్కడిదాకా నిజమే.

కొందరు పిల్లలకి మొదటి ఏడాదిలోనే, ఇంకా ఏ ఛాతీ జబ్బూ రాకముందే శ్వాస పరీక్ష చేశారు. తర్వాత పిల్లికూతలు వచ్చి పోయిన పిల్లలకి అప్పటికే గాలి ప్రవాహం తక్కువగా ఉంది. అంటే కూతల వల్ల గొట్టాలు పాడవలేదు. గొట్టాలు ముందే సన్నగా ఉండబట్టి కూతలు వచ్చాయి. గర్భంతో ఉన్నప్పుడు తల్లి పొగతాగడంతో దీనికి గట్టి సంబంధం కనపడింది. సన్నటి గొట్టంలో కొద్దిగా వాచినా ఎంత తేడా వస్తుందంటే, గాలి నెమ్మదిగా ప్రవహించేటప్పుడు లెక్క ప్రకారం వ్యాసార్ధం సగమైతే అడ్డంకి 16 రెట్లవుతుంది. పసిపిల్లలకి మామూలు జలుబు కూడా ఆయాసంగా మారడానికి అదే కారణం. పిల్లాడు పెరిగితే గొట్టం వెడల్పవుతుంది, ఈల ఆగుతుంది.

ఇంకో గుంపు ఉంది. ఆరేళ్ల తర్వాతా కూతలు కొనసాగినవాళ్లు. వీళ్లు పుట్టినప్పుడు దాదాపు అందరిలాగే ఉన్నారు. ఆరేళ్లొచ్చేసరికి వెనకబడ్డారు. తల్లికి ఆస్తమా ఉండటం, అలెర్జీ గుణం ఉండటం ఈ గుంపులో ఎక్కువ. చెవికి వినపడే ఈల రెండు గుంపుల్లోనూ ఒకటే. జరుగుతున్న కథ వేరు.

తర్వాత వీళ్లందర్నీ 11, 16 ఏళ్లప్పుడు మళ్లీ ఊదించారు. అందరూ పెరిగారు. వరుసలో ఎవరి స్థానం మాత్రం దాదాపు వాళ్లదే. ఆరేళ్లప్పుడు తక్కువగా ఉన్న గుంపు పదహారేళ్లప్పుడూ తక్కువగానే ఉంది. ఈల ఎప్పుడో ఆగిపోయిన పిల్లల్లో కూడా సగటున ఆ తేడా పూర్తిగా పూడలేదు. కాబట్టి వానచినుకు గారూ, "కూతలు తగ్గాయి" అన్నది ఒక వార్త, "ఊపిరితిత్తులు అందుకున్నాయి" అన్నది ఇంకో వార్త. మొదటిది విని రెండోదీ జరిగిందనుకుంటాం. ఇది గుంపుల సగటు మాట, ఒక్కో పిల్లాడి విషయంలో పైకీ కిందకీ కదలడం ఉంటుంది.

నిప్పులాంటి_నిజం
ఇదంతా చివరికి స్టెరాయిడ్ ఇన్హేలర్ అమ్మకానికే కదా మేడం? ఎదిగే పిల్లాడికి స్టెరాయిడ్ ఇస్తే ఎదుగుదల ఆగిపోతుంది. మా బంధువుల అబ్బాయికి చిన్నప్పట్నుంచీ ఇచ్చారు, వాళ్ల నాన్నకంటే పొట్టిగా ఉండిపోయాడు. ఒకసారి అలవాటైతే వదలదు కూడా.

మోడరేటర్
చర్చ బాగుంది, అలాగే సాగనివ్వండి. మందుల డోసులు, ఎన్ని పఫ్‌లు అన్నవి ఎవరూ రాయకండి. నిన్న ఒక పోస్ట్ తీసేయాల్సి వచ్చింది.

పిల్లల_వైద్యురాలు
నిప్పు గారూ, మీ మాటలో ఒక వంతు నిజం ఉంది. అది ఎంతో చెప్తాను.

క్యాంప్ అనే అధ్యయనంలో 5 నుంచి 12 ఏళ్ల ఆస్తమా పిల్లలు 1,041 మందిని తీసుకున్నారు. ఒక గుంపుకి నాలుగు నుంచి ఆరేళ్లపాటు రోజూ బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇన్హేలర్ ఇచ్చారు. పెద్దయ్యాక కొలిస్తే, ఆ గుంపు సగటు ఎత్తు మందులేని గుంపు కంటే 1.2 సెంటీమీటర్లు తక్కువ. ఆ తేడా మొదటి రెండేళ్లలో వచ్చిందే, ఏటేటా పెరుగుతూ పోలేదు. ఒక సెంటీమీటరు కూడా ఎందుకు పోవాలి అనుకునే హక్కు తల్లిదండ్రులకి ఉంది. అందుకే పనిచేసే కనీస మోతాదుకి తెచ్చి, ఎత్తు కొలుస్తూ ఉంటాం. అదుపులో లేని ఆస్తమా కూడా ఎదుగుదలని వెనక్కి లాగుతుందని గుర్తుంచుకోండి. తరచూ వేసే స్టెరాయిడ్ మాత్రల కోర్సులు ఇంకా ఎక్కువ లాగుతాయి. అలవాటు సంగతికొస్తే, అది మత్తు కాదు. ఆపితే జబ్బు మళ్లీ కనపడటాన్ని మనం అలవాటు అంటున్నాం.

ఇంకోటి మీరు అడగలేదు, నేనే చెప్తాను. ఆ మందు వల్ల ఊపిరితిత్తులు అదనంగా పెరగలేదు. అధ్యయనం చివర్లో పఫ్ ఇచ్చి ఊదించి చూస్తే రెండు గుంపులూ ఒకటే. రెండు మూడేళ్ల వయసులో, ఆస్తమా వచ్చే అవకాశం ఎక్కువున్న 285 మంది పిల్లలకి రెండేళ్లు ఇలాంటి స్టెరాయిడ్ ఇన్హేలరే ఇచ్చి చూసిన ఇంకో ప్రయోగంలోనూ అంతే. వాడినన్నాళ్లూ బాగున్నారు, ఆపాక తేడా కరిగిపోయింది. ఇన్హేలర్ ఎరువు కాదు. అది వాపుని తగ్గిస్తుంది, ఆయాసపు దాడులని తగ్గిస్తుంది, పిల్లాణ్ని నిద్రపోనిస్తుంది, పరిగెత్తనిస్తుంది. దాన్ని రాసేది అందుకు.

నిప్పులాంటి_నిజం
మీ నోటి నుంచే పెరగవని వచ్చింది. సరే, ఈ మాట దాచకుండా చెప్పిన మొదటి డాక్టర్ మీరే. మరి పెరగకపోతే ఇంత హడావిడి దేనికి?

పాత_ఇన్హేలర్
దేనికో నేను చెప్తా అన్నా. నాకిప్పుడు 26. మూడేళ్లప్పుడు మొదలై పదకొండో ఏట ఆగింది. పన్నెండు నుంచి పందొమ్మిది దాకా నాకు ఆస్తమా ఉండేదన్న సంగతే మర్చిపోయా. కాలేజీలో సిగరెట్, ఆ తర్వాత "ఇది పొగ కాదు, ఆవిరే" అని వేప్. ఇరవయ్యో ఏట ఒక రాత్రి హాస్టల్ గదిలో జలుబుతో పడుకుని, రెండింటికి లేచి కూర్చున్నా. గాలి లోపలికి వెళ్తోంది, బయటికి రావట్లేదు. రూమ్మేట్ ఏమైందని అడిగితే పూర్తి వాక్యం చెప్పలేకపోయా. ఆటోలో తీసుకెళ్లారు. అక్కడ మొదట చూసినవాళ్లు గ్యాస్ అన్నారు. ఆ గంటన్నర గురించి రాయను.

తర్వాత కూర్చుని చదివా. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన పిల్లల్ని వెంబడించారు. 613 మంది వివరాలు 26 ఏళ్లదాకా ఉన్నాయి. 27 శాతం మందికి పిల్లికూతలు వచ్చి పోయాయి, మళ్లీ రాలేదు. సుమారు 12 శాతం మందికి పోయి, మళ్లీ వచ్చాయి. 14 శాతం మందికి అసలు పోనేలేదు. నేను ఆ 12లోవాణ్ని. తిరిగొచ్చే అవకాశం పెంచేవాటిలో ఇంటి దుమ్ములోని పురుగుల అలెర్జీ, చిన్న వయసులో మొదలవడం ఉన్నాయి. సిగరెట్‌కేమో కూతలు అసలు పోకపోవడంతో సంబంధం కనపడింది. నా దగ్గర మూడూ ఉన్నాయి.

వానచినుకు అక్కా, మీ వాడికి పదమూడు. సిగరెట్ గురించి మాట్లాడాల్సింది ఇప్పుడే. పద్దెనిమిదికి చెప్తే మేం వినం.

వానచినుకు
తమ్ముడూ, చదువుతుంటే చెయ్యి వణికింది. ఇప్పుడెలా ఉన్నావ్?

పాత_ఇన్హేలర్
బాగున్నానక్కా. రోజూ వాడుతున్నా. సిగరెట్, వేప్ రెండూ మానేసి నాలుగేళ్లు. ఎఫ్‌ఈవీ1 79 దగ్గర ఆగింది, అంతకు మించి ఎక్కట్లేదు.

పిల్లల_వైద్యురాలు
నిప్పు గారు అడిగిన హడావిడి ఎందుకో ఈ 79లో ఉంది.

ఊపిరితిత్తుల కథ ఇలా నడుస్తుంది. శ్వాసనాళాల కొమ్మలు ఎన్ని అన్నది గర్భంలో నాలుగో నెలకే తేలిపోతుంది. ఆ తర్వాత పెరిగేది పొడవు, వెడల్పే. కొమ్మల చివర ఉండే గాలిగదులు పుట్టేనాటికి కొన్నే ఉంటాయి. మొదటి రెండు మూడేళ్లలో వేగంగా పుడతాయి. అక్కడితో ఆగిపోతాయని మేం చదువుకునే రోజుల్లో చెప్పేవారు. 2012లో హీలియం వాయువు పీల్పించి ఎమ్మారై తీసిన ఒక పరిశోధనతో టీనేజిలోనూ కొత్త గదులు ఏర్పడుతూనే ఉంటాయని తేలింది. పెద్దవాళ్లలో అవి 30 నుంచి 50 కోట్లు. ఈ ఒక్క విషయం నాకు చాలా ధైర్యాన్నిస్తుంది. ఆరేళ్లకే తలుపులన్నీ మూసుకోలేదన్నమాట.

అమ్మాయిల్లో ఊపిరితిత్తుల సామర్థ్యం టీనేజి చివరికల్లా శిఖరానికి చేరుతుంది. అబ్బాయిల్లో ఇరవై దాటాక ఇంకొన్నేళ్లు పెరుగుతుంది. కొంతకాలం నిలకడగా ఉండి, తర్వాత ఎవరికైనా నెమ్మదిగా దిగడమే. సిగరెట్ ముట్టకపోయినా దిగుతుంది. ఎంత ఎత్తు నుంచి దిగడం మొదలుపెట్టామన్నది ముఖ్యం. 2015లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో, నలభై ఏళ్లలోపే ఎఫ్‌ఈవీ1 80 శాతం కంటే తక్కువున్నవాళ్లలో 26 శాతం మందికి సుమారు 22 ఏళ్ల తర్వాత సీఓపీడీ (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) ఉంది. 80, ఆపైన ఉన్నవాళ్లలో అది 7 శాతమే. సీఓపీడీ అంటే పొగతాగే ముసలివాళ్ల జబ్బు అనుకుంటాం. ఆ రోగుల్లో దాదాపు సగం మంది వేగంగా దిగినవాళ్లు కాదు, మామూలుగానే దిగారు. మొదట్లోనే తక్కువ ఎత్తుకు ఎక్కినవాళ్లు.

మరి టీనేజిలో చేయగలిగింది ఏంటి? స్థానం పైకి నెట్టే మందు లేదు. కిందికి జారకుండా చూడొచ్చు. సిగరెట్ ముట్టించిన టీనేజర్లలో, ముఖ్యంగా అమ్మాయిల్లో, ఎఫ్‌ఈవీ1 పెరిగే వేగం మందగించిందని 1996లోనే చూపించారు. గాలి సంగతి ఇంకా స్పష్టం. దక్షిణ కాలిఫోర్నియాలో 12 ఊళ్ల పిల్లలు 1,759 మందిని పదో ఏట నుంచి పద్దెనిమిది దాకా కొలిచారు. సన్నటి ధూళికణాలు బాగా ఎక్కువున్న చోట 7.9 శాతం మంది ఎఫ్‌ఈవీ1 80 కంటే తక్కువతో పద్దెనిమిదికి చేరారు. గాలి శుభ్రంగా ఉన్న చోట 1.6 శాతమే. తర్వాతి ఏళ్లలో అక్కడ గాలి మెరుగుపడింది. ఆ గాలిలో పెరిగిన పిల్లల ఊపిరితిత్తులు మునుపటి బ్యాచ్‌ల కంటే బాగా పెరిగాయి. గాలి ఊరందరిదీ అనుకోండి, ఒక్క ఇల్లు మార్చలేనిది. ఇంట్లో పొగ మాత్రం మన చేతిలోదే. బాల్కనీలోకి వెళ్లి తాగినా బట్టలతో, తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది.

గాలిపటం
బాల్కనీ మాట నాకే తగిలింది. మా పెద్దోడికి ఏమీ లేదని ధీమాగా రాశాను కానీ వాడికి ఒక్కసారీ ఊదే పరీక్ష చేయించలేదు. చేయించాలా డాక్టర్ గారూ?

పిల్లల_వైద్యురాలు
ఏ ఇబ్బందీ లేకుండా ఫుట్‌బాల్ ఆడుతున్న పిల్లాణ్ని కంగారుగా తీసుకెళ్లక్కర్లేదు. ఎప్పుడైనా వేరే పని మీద డాక్టర్ దగ్గరికి వెళ్తే చిన్నప్పటి చరిత్ర చెప్పి అడగండి. ఒక అంకె రాసిపెట్టుకుంటే ముప్పై ఏళ్లకి పోల్చుకోవడానికి పనికొస్తుంది. బాల్కనీ సంగతి మాత్రం ఆగేది కాదు.

రెండేళ్లపాప_నాన్న
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మా పాపకి రెండేళ్లు. ఇప్పటికి నాలుగుసార్లు, ప్రతిసారీ జలుబుతోనే. మీరు చెప్పిన రెండు గుంపుల్లో ఏ గుంపో ఇప్పుడే తెలిసే దారి ఉందా? ఈ థ్రెడ్ చదివాక రాత్రి నిద్రపట్టలేదు.

పిల్లల_వైద్యురాలు
నిద్రపోండి నాన్నగారూ. కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు, అంచనా ఉంది. తల్లికో తండ్రికో ఆస్తమా ఉందా, పాపకి ఒంటి మీద దురద మచ్చలు, అంటే ఎగ్జిమా ఉందా, జలుబు లేనప్పుడు కూడా ఈల వస్తుందా, రక్తంలో ఇసినోఫిల్స్, అంటే అలెర్జీలో పెరిగే తెల్లకణాలు, 4 శాతం దాటాయా అని చూస్తాం. ఇవేవీ లేకపోతే బడికెళ్లే వయసుకి తగ్గిపోయే అవకాశమే ఎక్కువ. "లేదు" అని చెప్పేటప్పుడు ఈ లెక్క నమ్మదగ్గది, "ఉంది" అని చెప్పేటప్పుడు అంతగా కాదు.

ఇంకో పని చేయండి. ఈసారి శబ్దం వస్తే ఫోన్‌లో వీడియో తీయండి, చొక్కా విప్పి ఛాతీ కనపడేలా. తల్లిదండ్రులు పిల్లికూత అని చెప్పేవాటిలో చాలా భాగం గొంతులో కఫం గరగరే. ఈల ఊపిరి వదిలేటప్పుడు సన్నగా వస్తుంది. ఆడుకుంటూ ఏదో నోట్లో పెట్టుకుని పొలమారాక హఠాత్తుగా మొదలైతే, ఒక పక్కే వినపడితే అది వేరే కథ, వెంటనే వెళ్లాలి. బరువు పెరగకపోయినా, కఫం దగ్గు నాలుగు వారాలు దాటినా, పుట్టిన దగ్గర్నుంచీ శబ్దం ఉన్నా "జలుబేలే" అని వదలకండి. డొక్కలు లోపలికి పోతుంటే, పాలు తాగలేకపోతుంటే, పెదాలు నీలంగా మారితే రాత్రా పగలా అని చూడొద్దు.

రెండేళ్లపాప_నాన్న
నాకు చిన్నప్పుడు ఎగ్జిమా. పాపకి లేదు. మా ఆవిడ ఇప్పుడే పాప మోచేతులు లైటు కింద పెట్టి చూస్తోంది.

పరుగుపిచ్చి
నేను టీనేజి పిల్లలకి పరుగు నేర్పిస్తాను, డాక్టర్ని కాదు. మైదానంలో కనపడేది చెప్తా. ఆస్తమా ఉన్న పిల్లలకి సాధారణంగా పరుగు ఆపాక ఐదు పది నిమిషాలకి ఎక్కువవుతుంది. దగ్గుతారు, ఛాతీ పట్టేసిందంటారు, తేరుకోవడానికి అరగంట పైనే. ఇంకో రకం ఉంది, పద్నాలుగు పదిహేనేళ్ల అమ్మాయిల్లో ఎక్కువ. పరుగు బాగా ఊపందుకున్నప్పుడు గొంతు దగ్గర బిగిసిందంటారు. శబ్దం గాలి పీల్చేటప్పుడు వస్తుంది. ఆగిన కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటుంది. పంపు కొట్టినా లాభం ఉండదు. నా దగ్గర ఒకమ్మాయి రెండేళ్లు ఆస్తమా మందులు వాడింది, చివరికి స్వరపేటిక దగ్గర తంతులు ముడుచుకోవడం అని తేలింది. ఊపిరి తీసే పద్ధతి నేర్పించారు. ఇప్పుడు ఏ మందూ లేదు.

వానచినుకు గారూ, ఆటలు మాత్రం మాన్పించకండి. పది పదిహేను నిమిషాలు వార్మప్ చేయించి, మధ్యమధ్యలో చిన్న వేగపు పరుగులు పెట్టిస్తే చాలామందికి తేలికవుతుంది. మానేసిన పిల్లాడికి దమ్ము తగ్గి, మెట్లెక్కినా రొప్పు వస్తుంది, అప్పుడు అది జబ్బో బద్ధకమో ఎవరికీ తెలియదు. ఒక సందేహం కూడా. చిన్నప్పుడు అబ్బాయిలకి ఎక్కువ, వయసొచ్చాక అమ్మాయిలకి ఎక్కువ అంటారే, ఎందుకు?

పిల్లల_వైద్యురాలు
చిన్నప్పుడు అబ్బాయిల గొట్టాలు వాళ్ల ఊపిరితిత్తుల సైజుతో పోలిస్తే సన్నం. ఊదుడుబూర గారి కడవ లెక్క. వయసొచ్చేటప్పుడు గొట్టాలు అందుకుంటాయి. అమ్మాయిల్లో అటు హార్మోన్ల పాత్ర కూడా ఉంది. మీరు చెప్పిన గొంతు సమస్య నేనూ తరచూ చూస్తాను.

ఊదుడుబూర
వానచినుకు గారూ, ఇన్హేలర్ ఎలా వాడుతున్నాడో చూశారా? టీనేజి పిల్లలు స్పేసర్‌ని (ఇన్హేలర్‌కి తగిలించే గొట్టం) చిన్నపిల్లల వస్తువనుకుంటారు. నేరుగా నోట్లో కొట్టేసుకుంటారు. అలా కొడితే మందులో ఎక్కువ భాగం నాలుకకీ గొంతుకీ తగిలి అక్కడే ఆగుతుంది. వాడాక నోరు పుక్కిలించాలి. డబ్బా వెనక మిగిలిన పఫ్‌ల అంకె ఉంటే వారానికోసారి చూడండి. మా దగ్గరికొచ్చి "రోజూ వాడుతున్నాడు" అంటారు, అంకె చూస్తే పది రోజుల్లో నాలుగు తగ్గి ఉంటుంది.

వానచినుకు
అంకె చూశాను. ఇరవై తగ్గాల్సింది ఆరు తగ్గింది. తిట్టలేదు. రాత్రి వాడి గదిలో కూర్చుంటే వాడే చెప్పాడు. రెండేళ్లుగా పరిగెత్తలేకపోతున్నాడట. స్నేహితులకి తెలియకూడదని ఆటలో ఎప్పుడూ గోల్‌కీపర్‌గా నిలబడతానని అడిగేవాడట. మేం వాడికి గోల్‌కీపింగ్ అంటే ఇష్టం అనుకుని గ్లవ్స్ కొనిచ్చాం.

పాత_ఇన్హేలర్
నేను అంపైర్‌గా ఉండేవాణ్ని అక్కా. అందరూ నాకు నిజాయితీ ఎక్కువ అనుకునేవారు.

వానచినుకు
మూడు నెలల తర్వాత వచ్చి రాస్తున్నాను. నిన్న మళ్లీ ఊదాడు. ఎఫ్‌ఈవీ1 2.86 లీటర్లు, 93 శాతం. నిష్పత్తి 0.80. ఈలోగా ఇంకో రెండున్నర సెంటీమీటర్లు పెరిగాడు కాబట్టి ఊదాల్సిన అంచనా కూడా పెరిగిందని డాక్టర్ చెప్పారు. మందు ఇంకో మూడు నెలలు, తర్వాత తగ్గించి చూద్దామన్నారు. పూర్తిగా ఆపేదాకా నేను సంబరపడను. మావారు మాత్రం రోజూ పొద్దున డబ్బా అంకె చూసి క్యాలెండర్ మీద రాస్తున్నారు. వాడికి తెలియదనుకుంటున్నారు.

ఊదుడుబూర
బాగుందండీ. ఒక్కమాట, ఎత్తు కొలిచేటప్పుడు షూస్ తీయించారా? రెండు సెంటీమీటర్ల మడమ ఉంటే శాతం మారిపోతుంది. వచ్చేసారి అదే మిషన్ మీద, దాదాపు అదే వేళకి చేయించండి.

వానచినుకు
నేను వాళ్ల అబ్బాయిని, అమ్మ అకౌంట్ నుంచి రాస్తున్నా. షూస్ తీశాను అంకుల్. నాన్న రాసేది నాకు తెలుసు. నాకో డౌట్. ఊదేటప్పుడు గాలంతా అయిపోయాక కూడా "ఇంకా ఇంకా" అని ఎందుకు అరుస్తారు? నాకు కళ్లు తిరిగాయి.

ఊదుడుబూర
అయిపోయిందని నీకు అనిపిస్తుంది బాబూ, తెర మీద గీత ఇంకా కొంచెం కొంచెం ఎక్కుతూ ఉంటుంది. ఆ గీత చదును అయ్యేదాకా మేం అరుస్తాం. చివర్న వచ్చే ఆ కాస్త గాలి సన్నటి గొట్టాల్లోంచి వచ్చేది. ముందే ఆపేస్తే ఎఫ్‌వీసీ తక్కువొచ్చి, నిష్పత్తి ఉన్నదానికంటే మంచిగా కనపడుతుంది, మేమూ మోసపోతాం. కళ్లు తిరిగితే వెంటనే చెయ్యి ఎత్తు, ఆపేస్తాం. నిలబడి కాకుండా చేతులున్న కుర్చీలో కూర్చుని ఊదు. ఇంకా గోల్‌కీపర్‌వేనా?

వానచినుకు
హాఫ్ టైమ్ దాకా డిఫెన్స్. తర్వాత గోల్.